ముందు ఏ టోర్నమెంట్ సినిమా చూడాలి: 'బ్లడ్‌స్పోర్ట్' నుంచి 'వారియర్' దాకా

'బ్లడ్‌స్పోర్ట్'లో ఇటుకల సీన్ ఒకటుంది. హాంకాంగ్‌లో రహస్యంగా జరిగే కుమిటే పోటీలకు ఫ్రాంక్ డక్స్ అనే అమెరికన్ కుర్రాడు వస్తాడు. తనాకా గురువు దగ్గర నేర్చుకున్నానంటాడు. నిర్వాహకులకు నమ్మకం కుదరదు. అయితే డిమ్ మాక్, అంటే తాకీ తాకకుండానే ప్రాణం తీస్తుందని చెప్పే దెబ్బ, చేసి చూపించమంటారు. ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఏది పగలగొట్టాలని అతను అడిగితే, అన్నిటికన్నా అడుగున ఉన్నదాన్ని చెబుతారు. అతను చెయ్యి పైకెత్తి, ఊపిరి సరిచేసుకుని, పై ఇటుక మీద అరచేత్తో ఒక్క దెబ్బ వేస్తాడు. అడుగున ఉన్న ఇటుక పిండైపోతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే, కొండలాంటి ఛాతీ ఉన్న చాంగ్ లీ మాత్రం అతని కళ్ళలోకి చూసి, బాగానే ఉంది గానీ ఇటుక తిరిగి కొట్టదు కదా అంటాడు.

అప్పటికి వాళ్ళిద్దరూ ఒకరినొకరు వేలితో కూడా ముట్టుకోలేదు. అయినా ఫైనల్ ఎవరెవరి మధ్య జరుగుతుందో మనకు తెలిసిపోయింది. అక్కణ్ణుంచి సినిమా చేసే పనల్లా ఆ రోజు కోసం మనల్ని ఎదురుచూసేలా చెయ్యడమే.

టోర్నమెంట్ ఫైట్ సినిమాల మజా అంతా ఈ ఎదురుచూపులోనే ఉందని నా గట్టి నమ్మకం. మామూలు యాక్షన్ సినిమాలో కథకు అవసరమైనప్పుడల్లా హీరో, విలన్ తలపడుతుంటారు. ఇక్కడ అలా కుదరదు. వరస ఉంటుంది, నియమం ఉంటుంది, ఓడినవాడు బయటికి పోతాడు. విలన్ ఒక్కొక్కణ్ణీ విరగ్గొడుతుంటే హీరో జనంలో కూర్చుని చూడాల్సిందే తప్ప లేచి ఆపడానికి లేదు. మనం కూడా అతని పక్కనే కూర్చుని విలన్ అలవాట్లు నేర్చుకుంటాం: ముందు ఏ కాలు కదుపుతాడు, కోపం వస్తే ఏం చేస్తాడు, గెలిచాక కూడా కొడతాడా, వదిలేస్తాడా. ఫైనల్ వచ్చేసరికి మనకు వాడు ఎన్నాళ్ళుగానో తెలిసిన మనిషి అయిపోతాడు.

అందుకే ఎవరైనా ఈ రకం సినిమా ఒకటి చెప్పమంటే నేను వెంటనే పేరు చెప్పను. మీకు పోటీ కావాలా, ఫైటింగ్‌లో పనితనం కావాలా, నేర్చుకునే కథ కావాలా, గుండె పట్టేసే కుటుంబ కథ కావాలా అని ముందు అడుగుతాను. ఒక్కో సినిమా ఒక్కోదాంట్లో ముందుంటుంది. అన్నీ ఒకే సినిమాలో ఉన్నది నాకింతవరకు కనబడలేదు.

పోటీయే కావాలంటే

పోటీ కోసమే చూసేవాళ్ళు 'బ్లడ్‌స్పోర్ట్'తో మొదలుపెట్టాలి. 1988లో వచ్చింది. కానన్ ఫిల్మ్స్ తక్కువ ఖర్చుతో తీసిన సినిమా, దర్శకుడు న్యూట్ ఆర్నాల్డ్. జాన్ క్లాడ్ వాన్ డామ్‌ను హీరోగా నిలబెట్టింది ఇదే. నిడివి గంటన్నర. అందులో పెద్ద భాగం ఆ ఎత్తైన వేదిక మీదే గడుస్తుంది.

గెలవడానికి మూడు దారులున్నాయని మొదట్లోనే చెప్పేస్తారు. ఎదుటివాణ్ణి స్పృహ తప్పేలా కొట్టాలి, లేదా 'మత్తే' అనిపించాలి, లేదా వేదిక మీంచి కిందికి పడెయ్యాలి. 'మత్తే' అంటే జపనీస్‌లో ఆగమని. అంతే, ఇక నియమాల గురించి ఎవరూ ఏమీ అడగక్కర్లేదు. తర్వాత వరసగా బౌట్లు. సుమో వీరుడొకడు, థాయ్ బాక్సింగ్ వాడొకడు, కోతిలా నేల మీద గెంతుతూ పోరాడేవాడొకడు. ఒక్కొక్కరికీ దక్కేది ఒకటి రెండు నిమిషాలే. అయినా సినిమా చూసిన పదేళ్ళ తర్వాత కూడా వాళ్ళలో నలుగురైదుగురు గుర్తుంటారు. మాటలతో పరిచయం చెయ్యకుండా, కదిలే తీరుతోనే మనిషిని గుర్తుండిపోయేలా చెయ్యడం చిన్న విషయం కాదు. చాలా పెద్ద సినిమాలకు ఇది చేతకాలేదు.

పోటీ లోపల మలుపులు కూడా పోటీలోంచే పుడతాయి. చాంగ్ లీ అతి తక్కువ సమయంలో నాకౌట్ చేసి రికార్డు పెడతాడు. కాసేపటికే డక్స్ ఆ రికార్డు దాటేస్తాడు. చాంగ్ లీ మొహం చూడాలి అప్పుడు. డక్స్ స్నేహితుడు జాక్సన్, బండలాంటి మనిషి, చాంగ్ లీని ఒకసారి కింద పడగొడతాడు కూడా. పడగొట్టి, పని అయిపోయిందనుకుని, వాడికి వీపు చూపించి జనం వైపు చేతులెత్తుతాడు. వెనక వాడు లేస్తున్నాడని మనకు కనబడుతుంది, జాక్సన్‌కు కనబడదు. నేను ఎన్నిసార్లు చూసినా ఆ నాలుగు క్షణాలు 'వెనక్కి తిరుగు' అని పైకే అంటాను.

సెమీస్‌లో ఇంకా పెద్ద మాట చెబుతుంది సినిమా. చాంగ్ లీ ఓడిపోయినవాణ్ణి వదలకుండా చంపేస్తాడు. అప్పుడు న్యాయనిర్ణేతలు లేచి అతనికి వీపు తిప్పి నిలబడతారు. ఒక్క డైలాగు లేదు. అప్పటిదాకా చప్పట్లు కొట్టిన చోటే ఆ వెలి. ఆ మౌనం తర్వాత ఫైనల్ అంటే పగ ఒక్కటే కాదు, ఆ విద్య పరువు కూడా తేలాల్సి ఉంటుంది.

లోపాలు దాచను. విలేకరితో ప్రేమకథ పలచగా ఉంటుంది. డక్స్‌ను పట్టుకోవడానికి వచ్చిన ఇద్దరు ఏజెంట్ల పరుగులు కాలక్షేపమే, వాళ్ళలో ఒకరు తర్వాత ఆస్కార్ గెలిచిన ఫారెస్ట్ విటేకర్ అయినా సరే. కొందరు ఫైటర్లను వాళ్ళ దేశం పేరుతో అచ్చు పోసిన బొమ్మల్లా చూపించారు, ఇప్పుడు చూస్తే అది ఇబ్బందిగానే ఉంటుంది. వాన్ డామ్ నటన కూడా అప్పటికింకా పచ్చిగానే ఉంది. అయితే నటన కోసం ఈ సినిమా చూసేవాళ్ళు తక్కువ.

మరో సంగతి. ఇది నిజంగా జరిగిన కథ అని సినిమా చెబుతుంది, చివర్లో డక్స్ రికార్డులు తెర మీద వేస్తుంది. ఫ్రాంక్ డక్స్ అనే మనిషి నిజంగానే ఉన్నారు. ఆయన చెప్పిన కుమిటే కథను మాత్రం లాస్ ఏంజిల్స్ టైమ్స్ 1988లోనే ప్రశ్నించింది. అలాంటి పోటీ జరిగినట్టు బయటివాళ్ళు నమ్మగల ఆధారం దొరకలేదు. కుమిటే అనే మాటకు కరాటేలో అర్థం ఎదురెదురుగా నిలబడి చేసే సాధన. కాబట్టి దీన్ని జీవితచరిత్రగా చూడకండి, గొప్పగా అల్లిన కథగా చూడండి. కథగా చూస్తే దాని విలువ ఏమీ తగ్గదు.

మనిషి కోసం చూడాలంటే

'ఎంటర్ ది డ్రాగన్' 1973 ఆగస్టులో అమెరికాలో విడుదలైంది. దానికి నెల ముందే, జూలై 20న, బ్రూస్ లీ హాంకాంగ్‌లో చనిపోయాడు. ఆ విషయం తెలిసి చూస్తే ఆ కదలికల వేగం ఇంకోలా గుచ్చుకుంటుంది. దర్శకుడు రాబర్ట్ క్లౌజ్, కానీ ఫైట్లు కంపోజ్ చేసింది బ్రూస్ లీయే. హాన్ అనే వాడి దీవిలో పోటీ, దాని మాటున మత్తుమందుల వ్యాపారం, దాన్ని బయటపెట్టడానికి పోటీదారుడి వేషంలో వెళ్ళే లీ. ఇదీ కథ.

చాలామంది దీన్ని టోర్నమెంట్ సినిమాలకు తాత అంటారు. నిజమే. కానీ పోటీ కోసమే చూసేవాళ్ళకు ఇది కొంచెం వెలితిగా అనిపిస్తుంది. ఎందుకంటే ఇందులో పోటీ ఒక ముసుగు. లీ పోటీలో దిగేది హాన్ అంగరక్షకుడు ఓహారాతో ఒక్క బౌట్‌కే. ఎవరు ఎవరితో తలపడతారు, ఎవరు సెమీస్‌కు వచ్చారు లాంటి లెక్కలేవీ ఉండవు. రాత్రిపూట లీ ఆ దీవిలో దొంగచాటుగా తిరగడమే అసలు కథ.

మరి ఎందుకు చూడాలి? ఆ మనిషి కోసం. ఓహారాతో బౌట్ మొదట్లో ఇద్దరూ చేతి మణికట్టు మణికట్టుకు ఆనించి నిలబడతారు. లీ మొహంలో ఏమీ ఉండదు. తర్వాత ఏం జరిగిందో కంటికి అందదు, ఓహారా మాత్రం నేల మీద ఉంటాడు. మళ్ళీ నిలబడతాడు, మళ్ళీ అంతే. ఎడిటింగ్‌తో చేసిన వేగం కాదు అది, మనిషి వేగం. అద్దాల గదిలో చివరి పోరు గురించి విననివాళ్ళు తక్కువే. ఎటు చూసినా హాన్ కనబడే ఆ గదిలో, బొమ్మను నమ్మకుండా మనిషిని వెతకడం ఎలాగో లీకి గురువు మాట గుర్తొస్తుంది. 2004లో అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీ ఈ సినిమాను భద్రపరచాల్సిన వాటిలో చేర్చింది. చేర్చకపోతేనే ఆశ్చర్యపోవాలి.

నేర్చుకోవడం చూడాలంటే

పిల్లలతో కలిసి చూసేవాళ్ళకు, ఫైటింగ్ సినిమాలంటే పడనివాళ్ళకు నేను కళ్ళు మూసుకుని చెప్పేది 1984 నాటి 'ది కరాటే కిడ్'. 'బ్లడ్‌స్పోర్ట్'లో కాలి ఎముక బయటికి వచ్చే షాట్ ఉంది, పిల్లలకు అది వద్దు. ఇందులో అలాంటివి లేవు.

నిడివి రెండు గంటల పైనే. టోర్నమెంట్ వచ్చేది చివర్లో. అంతసేపూ ఏం జరుగుతుందంటే, డేనియల్ అనే కుర్రాడు కార్లకు మైనం రుద్దుతాడు, కంచెకు రంగు వేస్తాడు, చెక్క నేలకు సాన పడతాడు. నాలుగు రోజులకు విసుగెత్తి, నాకు కరాటే నేర్పుతానని వెట్టిచాకిరీ చేయించుకుంటున్నావని గురువు మియాగీ మీద విరుచుకుపడతాడు. ముసలాయన కోపగించుకోడు. మైనం రుద్దినట్టు చెయ్యి తిప్పమంటాడు. తిప్పగానే గుద్దు విసురుతాడు. కుర్రాడి చెయ్యి దానంతటదే ఆ గుద్దును ఆపేస్తుంది. రంగు వేసినట్టు చెయ్యి ఆడించమంటాడు, ఇంకో గుద్దు. అదీ ఆగుతుంది. ఆ కుర్రాడి కళ్ళు పెద్దవవుతాయి. నేర్చుకున్నట్టు తెలియకుండానే నేర్చుకున్నానని మనిషికి తెలిసే క్షణాన్ని ఇంత సూటిగా చూపించిన సినిమా ఇంకోటి నేను చూడలేదు. డ్యాన్స్‌గానీ సంగీతంగానీ నేర్చుకున్న ఎవరికైనా ఆ క్షణం తమ అనుభవంలోంచే తెలుస్తుంది.

మియాగీగా నటించిన ప్యాట్ మొరీటా ఆస్కార్‌కు నామినేట్ అయ్యారు. రెండో ప్రపంచయుద్ధంలో మియాగీ అమెరికా సైన్యంలో పోరాడుతుంటే, జపాన్ మూలాలున్నవాళ్ళను అమెరికా బంధించి ఉంచిన శిబిరంలో ఉన్న భార్య, పురిట్లోనే బిడ్డ చనిపోయారని తెలిసే రాత్రి సీన్ ఉంది. మొరీటా కూడా చిన్నప్పుడు అలాంటి శిబిరంలో ఉన్నవారే. ఆ సీన్ తర్వాత మియాగీ ఎందుకంత నెమ్మదిగా ఉంటాడో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ సినిమాకు ఫైట్లు కంపోజ్ చేసిన ప్యాట్ జాన్సన్ టోర్నమెంట్‌లో రిఫరీగా కూడా కనబడతారు. 'ఎంటర్ ది డ్రాగన్'లో గోల్ఫ్ మైదానంలో దెబ్బలు తినే రౌడీల్లో ఒకరు కూడా ఆయనే. 1995 నాటి 'మోర్టల్ కాంబాట్' ఫైట్లలో కూడా ఆయన చెయ్యి ఉంది.

ఆ సినిమా గురించి రెండు మాటలు చాలు. మంత్రాలు, నాలుగు చేతుల రాక్షసుడు, భూలోకం భవిష్యత్తు తేల్చే పోటీ. అదే పేరున్న వీడియో గేమ్ ఆడినవాళ్ళకు, ఆ టెక్నో పాట వినగానే ఒళ్ళు పులకరించేవాళ్ళకు పండగే. మిగతావాళ్ళు తర్వాతైనా చూడొచ్చు. అసలు ఆ వీడియో గేమ్ పుట్టుకే 'బ్లడ్‌స్పోర్ట్'తో ముడిపడి ఉంది. తయారుచేసినవాళ్ళు మొదట వాన్ డామ్‌ను పెట్టి గేమ్ చెయ్యాలనుకున్నారు, కుదరలేదు. జానీ కేజ్ అనే పాత్ర అలా పుట్టింది. డక్స్ సుమో వీరుడి ముందు కాళ్ళు రెండు వైపులా చాచి కూలబడి కొట్టే దెబ్బను జానీ కేజ్ ఆటలోనూ కొడతాడు, సినిమాలోనూ కొడతాడు. 2021లో అదే పేరుతో వచ్చిన సినిమాను మాత్రం టోర్నమెంట్ కోసం పెట్టుకోకండి. మొదటి పది నిమిషాలు చాలా బాగుంటాయి, కానీ పోటీ అసలు జరగనే జరగదు.

ఎవరు గెలవాలో తేల్చుకోలేకపోతే

మిగతా సినిమాలన్నిటిలో ఎవరు గెలవాలో మనకు మొదటి నిమిషం నుంచీ తెలుసు. 2011లో వచ్చిన 'వారియర్'లో తెలియదు. అది దాని గొప్పతనం.

బ్రెండన్ భౌతికశాస్త్రం చెప్పే స్కూల్ టీచర్. ఇల్లు బ్యాంకు పాలయ్యేలా ఉంది. తమ్ముడు టామీ సైన్యంలోంచి వచ్చినవాడు, లోపల ఏదో మండుతున్న మనిషి. తాగుడుతో ఇల్లు కూల్చి ఇప్పుడు మానేసిన తండ్రి ప్యాడీ. అన్నదమ్ములకు మాటల్లేవు. పదహారు మంది ఫైటర్లతో, యాభై లక్షల డాలర్ల బహుమతితో అట్లాంటిక్ సిటీలో జరిగే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ (గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ చెల్లే) పోటీలో ఇద్దరూ విడివిడిగా చేరతారు. టామీ ఎంట్రీ మ్యూజిక్ లేకుండా వస్తాడు, క్షణాల్లో ఎదుటివాణ్ణి పడేస్తాడు, చెయ్యెత్తించుకోవడానికి కూడా ఆగకుండా వెళ్ళిపోతాడు. బ్రెండన్ ప్రతి బౌట్‌లో చచ్చేంత దెబ్బలు తింటాడు, చివరికి ఎక్కడో ఒక చెయ్యో కాలో దొరికించుకుని మెలిపెట్టి లొంగదీస్తాడు. రెండు పద్ధతులూ రెండు స్వభావాలు. పోరు చూస్తుంటే మనుషులు అర్థమవుతారు.

మనం ఇద్దరివైపూ ఉంటాం. ఫైనల్లో ఏ దెబ్బ పడినా మనకే తగులుతుంది. తండ్రిగా నిక్ నోల్టీ ఆస్కార్‌కు నామినేట్ అయ్యారు. హోటల్ గదిలో ఆయన సీన్ ఒకటి ఉంది, దాని గురించి ఏమీ చెప్పను.

'బ్లడ్‌స్పోర్ట్'కు, దీనికి మధ్యలో ప్రపంచంలో ఒక పెద్ద మార్పు జరిగింది. 1993 నవంబర్ 12న డెన్వర్‌లో మొదటి యూఎఫ్‌సీ (అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్) పోటీ పెట్టారు. ఎనిమిది మంది, వేర్వేరు విద్యలు, ఒకే రాత్రి. అందరిలోకీ బక్కగా కనబడే, నేల మీద పట్లతో పోరాడే జియు-జిత్సు నేర్చిన రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గుర్ని కింద పడేసి లొంగదీసి గెలిచాడు. గాల్లో తిరిగి తన్నే తన్నులకు అక్కడ పెద్ద పని లేకపోయింది. సినిమా టోర్నమెంట్లు ఎన్నేళ్ళుగానో అడిగిన 'ఏ విద్య గొప్ప' అనే ప్రశ్నకు నిజంగా ఒక జవాబు వచ్చేసింది. 'వారియర్' ఆ జవాబు తెలిసిన సినిమా. అందుకే అందులో పట్లు, మెడ బిగింపులు, నేల మీద పెనుగులాట. అసలు ఫైటింగ్ ఫాలో అయ్యేవాళ్ళకు 'బ్లడ్‌స్పోర్ట్' డ్యాన్స్‌లా అనిపించొచ్చు. వాళ్ళు ఇక్కడి నుంచి మొదలుపెట్టడమే మంచిది.

డ్యాన్స్ లాంటి ఫైటింగే కావాలి, కానీ ఇప్పటి పనితనంతో కావాలంటే 2010 నాటి 'అన్‌డిస్ప్యూటెడ్ 3' ఉంది. థియేటర్ల హడావిడి లేకుండా నేరుగా డిస్కుల మీద వచ్చిన సినిమా కాబట్టి చాలామంది దాకా చేరలేదు, అది నాకు నిజంగా బాధ. వేర్వేరు దేశాల జైళ్ళ నుంచి ఖైదీలను తెచ్చి పోటీ పెడతారు, గెలిచినవాడికి విడుదల అంటారు. బోయికాగా స్కాట్ ఆడ్కిన్స్, మోకాలు దెబ్బతిన్న పాత ఛాంపియన్. దర్శకుడు ఐజాక్ ఫ్లోరెంటైన్ కెమెరాను వెనక్కి పెట్టి తల నుంచి పాదం దాకా మనిషిని చూపిస్తాడు. దెబ్బ ఎక్కడ మొదలై ఎక్కడ తగిలిందో పూర్తిగా కనబడుతుంది. కథ మామూలే. ఫైట్లు మాత్రం ఈ సినిమాలన్నిటిలోకీ పై స్థాయిలో ఉంటాయి. సీరీస్‌లో మొదటి రెండూ చూడకపోయినా ఫర్వాలేదు, రెండోది చూస్తే మోకాలి సంగతి ఇంకా తగులుతుంది.

ఒక్క సాయంత్రమే ఉంటే

నలుగురు స్నేహితులు కూర్చుని అరుస్తూ చూడాలనుకుంటే 'బ్లడ్‌స్పోర్ట్'. ఇంట్లో చిన్నాపెద్దా అందరూ ఉంటే 'ది కరాటే కిడ్'. ఒక్కరే ఉన్నప్పుడు, మనసు కాస్త బరువుగా ఉన్నా తట్టుకోగల రోజున 'వారియర్'. అది గుంపులో చూసే సినిమా కాదు, ఫైనల్లో పక్కనెవరైనా మాట్లాడితే పాడైపోతుంది. ఫైటింగ్ నేర్చుకుంటున్నవాళ్ళు ఉంటే 'అన్‌డిస్ప్యూటెడ్ 3' పెట్టి, నచ్చిన చోట ఆపి వెనక్కి తిప్పి చూడండి.

రెండు సాయంత్రాలు దొరికితే నా మాట విని 'ఎంటర్ ది డ్రాగన్', 'బ్లడ్‌స్పోర్ట్' వరసగా, ఆ క్రమంలోనే చూడండి. మొదటిదాంట్లో బౌట్‌కు ముందు ఓహారా, బ్రూస్ లీ మొహానికెదురుగా చెక్క పట్టుకుని గుద్దుతో విరగ్గొడతాడు. చెక్కలు తిరిగి కొట్టవు అంటాడు లీ. ఆ సినిమాలోనే హాన్ పక్షాన బోలో అనే కండల మనిషి ఒకడుంటాడు, పెద్దగా మాట్లాడడు. నటుడు బోలో యంగ్. పదిహేనేళ్ళ తర్వాత 'బ్లడ్‌స్పోర్ట్'లో, పగిలిన ఇటుక ముందు, దాదాపు అదే మాటను డక్స్ మొహం మీద అన్న చాంగ్ లీ కూడా ఆయనే.